చిలగడదుంప దేవుడి గుడికి అమ్మతో

మా ఇంట్లో చిలగడదుంపకి రెండు పేర్లున్నాయి. నేను కోనసీమవాణ్ణి, చిలగడదుంప అంటాను. మా ఆవిడది కరీంనగర్ వైపు, కందగడ్డ అంటుంది. పక్క బిల్డింగ్‌లో ఉండే కడప మిత్రుడు వచ్చాడంటే గెనుసుగడ్డ అని మూడో పేరు కూడా వినాలి.

కిందటి నవంబరులో అమ్మ మా దగ్గరకి టోక్యో వచ్చింది. వచ్చిన మూడో రోజు మా ఆవిడ "అత్తమ్మా, సాయంత్రం కందగడ్డ ఉడకబెడతా" అంది. అమ్మ మొహం వెలిగిపోయింది. జపాన్‌లో కంద దొరుకుతోందంటే మాటలా? తనతో తెచ్చుకున్న చింతపండు నానబెట్టేసి, ఇక్కడ బచ్చలి దొరుకుతుందా అని నన్ను ఆరా తీయడం మొదలుపెట్టింది. సాయంత్రం గిన్నె మూత తీస్తే లోపల ఎర్రటి చిలగడదుంపలు. మా ఆవిడ పగలబడి నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. అమ్మ చిలగడదుంప తినదు.

శివరాత్రి రోజు నైవేద్యం పెట్టి, ప్రసాదం కాబట్టి ఒక్క ముక్క నోట్లో వేసుకుంటుంది. మిగతా ఏడాదంతా వాటిని గుమ్మం దాటి లోపలికి రానివ్వదు. నా చిన్నప్పుడు బడి దగ్గర తోపుడుబండి మీద అమ్మే ఉడికించిన దుంపలు కొనుక్కుని తింటే, డబ్బులు పోయినందుకు కాదు, ఆ దుంపలు తిన్నందుకే తిట్లు పడేవి. కారణం నాకు ఇంటర్లో ఉన్నప్పుడు గానీ తెలియలేదు. మా తాతయ్యది కౌలు వ్యవసాయం. కోతలకి ముందు రెండు మూడు నెలలు ఇంట్లో గింజలుండేవి కావట. ఊరవతల ఇసుక నేలలో వేసిన దుంపలే రెండు పూటలా తిండి. బడికి క్యారేజీలో కూడా అవే. అమ్మని తోటి పిల్లలు "దుంపలమ్మాయి" అని పిలిచేవారట. "బియ్యం లేనివాళ్ళ తిండిరా అది" అని చెప్పి ఊరుకుంది. ఆ తర్వాత నేనెప్పుడూ దాని గురించి అడగలేదు.

అలాంటి మనిషిని చిలగడదుంప దేవుడి గుడికి తీసుకెళ్ళాలని నాకెందుకు బుద్ధి పుట్టిందో ఇప్పటికీ చెప్పలేను. మా ఆఫీసు మకుహారిలో. టోక్యో పక్కనున్న చిబా నగరంలో ఒక భాగం అది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక జపాన్ సహోద్యోగి మాటల్లో చెప్పాడు, ఇక్కడే ఇమోగామి-సామా ఉన్నాడని. ఇమో అంటే దుంప, గామి అంటే దేవుడు, సామా మన గారు లాంటిది. దుంపదేవుడుగారు! శనివారం ఖాళీ. అమ్మేమో కనిపించిన ప్రతి తోరీ లోపలికీ వెళ్ళి దణ్ణం పెట్టే రకం. తోరీ అంటే షింతో గుళ్ళ ముందుండే ద్వారం. ఏ దేవుడని అడిగితే "పంటల దేవుడులే" అని దాటేశాను.

దాటేసినందుకు శిక్ష స్టేషన్‌లోనే పడింది. పేరులో మకుహారి అని ఉన్న స్టేషన్లు ఇక్కడ ఆరున్నాయి. గుడి ఉన్నది కేసే మకుహారి అనే చిన్న స్టేషన్ పక్కన. నేను రోజూ దిగేది కైహిన్ మకుహారిలో. నిషి ఫునబాషిలో రైలు మారేటప్పుడు కాళ్ళు అలవాటున ఆఫీసు రైలు వైపే వెళ్ళిపోయాయి. దిగాక గానీ వెలగలేదు. రెండింటికీ మధ్య దూరం రెండు కిలోమీటర్లు. టాక్సీ ఎక్కుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "గుడికి నడిచే వెళ్ళాలి" అని చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకుని బయల్దేరింది.

ఆ నడక మాత్రం బాగుంది. కైహిన్ మకుహారి చుట్టూ ఉన్న అద్దాల మేడలు, పెద్ద పెద్ద ప్రదర్శనలు జరిగే మకుహారి మెస్సే, మా ఆఫీసు, అన్నీ టోక్యో అఖాతాన్ని పూడ్చి కట్టినవే. యాభై అరవై ఏళ్ళ కిందట అక్కడంతా నీళ్ళు. లోపలికి నడుస్తూ పోతే జాతీయ రహదారి 14 వస్తుంది. పాత సముద్రపు ఒడ్డు దాదాపు ఆ రోడ్డు వెంబడే ఉండేది. రోడ్డు దాటగానే ఊరు మారిపోతుంది. సందులు ఇరుకవుతాయి, పెంకుటిళ్ళు కనిపిస్తాయి, పెరట్లో నారింజ రంగు పర్సిమన్ కాయలు వేలాడుతుంటాయి. "ఇంతవరకూ సముద్రమేనా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. అవునన్నాను. "అయితే ఇక్కడంతా ఇసుక నేలే అయ్యుంటుంది" అంది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

గుడి చాలా చిన్నది. వెతుక్కుంటూ వెళ్ళకపోతే దాటిపోతాం. పక్కనే పట్టాలు, ఆరేడు నిమిషాలకోసారి రైలు చప్పుడు. నేను అమ్మకి పద్ధతి చెప్పాను. డబ్బాలో ఐదు యెన్‌ల నాణెం వెయ్యాలి, రెండుసార్లు వంగాలి, రెండుసార్లు చప్పట్లు కొట్టాలి, ఇంకోసారి వంగాలి. ఐదు యెన్‌లని గో-ఎన్ అంటారు. గో-ఎన్ అంటేనే బంధం, సంబంధం అని ఇంకో అర్థం కూడా ఉంది, అందుకే ఆ నాణెం. అమ్మ అంతా సరిగ్గా చేసి, చివర్లో తన పద్ధతిలో చెంపలు కూడా వేసుకుంది. తర్వాత బ్యాగులోంచి కొబ్బరికాయ తీసింది! నిషి కసాయిలో ఇండియన్ షాపులో కొన్నదట, నాకు చెప్పకుండా. ఇక్కడ కొట్టకూడదమ్మా అంటే, "దేవుడి దగ్గర కొట్టక ఎక్కడ కొడతారు?" అని నిలదీసింది. ఆఖరికి కొట్టకుండా ఒక్క నిమిషం దేవుడికి చూపించి మళ్ళీ బ్యాగులో పెట్టేలా రాజీ కుదిరింది.

"ఇంతకీ ఏ దేవుడు?"

ఇక చెప్పక తప్పలేదు. దేవుడు కాదమ్మా, మనిషి. పేరు అవోకి కోన్యో. 1698లో పుట్టాడు. ఎదో అనే పట్నంలో, అంటే ఇప్పటి టోక్యోలో, చేపల వ్యాపారి కొడుకు. క్యోతో వెళ్ళి పెద్ద పండితుడి దగ్గర చదువుకుని వచ్చి పాఠాలు చెప్పుకునేవాడు. పొలం పని చేసి ఎరిగిన మనిషి కాదు. 1732లో జపాన్ పడమటి భాగంలో పెద్ద కరువు వచ్చింది. క్యోహో కరువంటారు. వానలు ఆగకుండా పడ్డాయి, దాని వెనకే వరికి దోమ పట్టింది.

"దోమపోటా?"

అక్షరాలా అదే. ఇక్కడ ఉంకా అంటారు, మనం సుడిదోమ అంటామే ఆ జాతి. చేలు చుట్లు చుట్లుగా మాడిపోతాయి. నాన్న చేలో పాయలు తీసి, దుబ్బుల మొదళ్ళ మీద పడేలా మందు కొట్టడం నాకు బాగా గుర్తు. ఆ రోజుల్లో ఇక్కడి రైతులు తిమింగలం నూనె చేలో నీళ్ళ మీద పోసి, దుబ్బుల్ని దులిపి, దోమ ఆ నూనెలో పడి చచ్చేలా చేసేవారట. అంత తిమింగలం నూనె అందరికీ ఎక్కడ దొరుకుతుంది? పంట పోయింది. బియ్యం ధర పెరిగి, మరుసటి ఏడాది ఎదోలో జనం బియ్యం వ్యాపారి ఇంటి మీద పడ్డారు.

కోన్యో అప్పటికే ఒక విషయం ఆలోచిస్తున్నాడు. నేరాలు చేసినవాళ్ళని దీవులకి పంపేవారు. అక్కడ ధాన్యం పండదు, తిండిలేక చచ్చిపోయేవారు. శిక్ష దీవికి పంపడమే గానీ చంపడం కాదు కదా అన్నది అతని బాధ. చైనా పుస్తకాలు తిరగేస్తే చిలగడదుంప గురించి కనిపించింది. దాని గురించి 1735లో ఒక పుస్తకం రాశాడు. మామూలు జనానికి అర్థమయ్యేలా, ఎలా పండించాలో చెబుతూ ఒక కరపత్రం లాంటిది కూడా రాశాడు. ఎదో న్యాయాధికారి ఓఓకా తదసుకే అతన్ని పైకి సిఫారసు చేశాడు. అప్పటి షోగన్, అంటే దేశాన్నేలే సైన్యాధిపతి, తొకుగావా యొషిమునే సరే, పండించి చూపించమన్నాడు. మూడు చోట్ల దుంపలు పాతారు. ఒకటి ఎదోలోనే కొయిషికావా మందు మొక్కల తోట, ఇప్పుడది టోక్యో విశ్వవిద్యాలయం వాళ్ళ బొటానికల్ గార్డెన్. రెండోది కుజుకురి సముద్రతీరంలో ఫుదోదో అనే పల్లె. మూడోది ఈ మకుహారి.

ఇక్కడ అమ్మ నన్ను ఆపింది. "దుంపలే? చిలగడదుంపలే?"

అవునన్నాను. ఆమె ఏమీ అనలేదు. గుడి వైపు ఓసారి చూసి, అరుగులాంటి రాతి మీద కూర్చుంది. నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది.

దుంప ఇక్కడిది కాదనీ, చైనా నుంచి ర్యూక్యూ దీవులకి 1605లో వచ్చిందనీ, అక్కడినుంచి జపాన్ దక్షిణాన ఉన్న సత్సుమాకి ఎక్కిందనీ, అందుకే సత్సుమాలో దాన్ని చైనా దుంప అని, మిగతా దేశం సత్సుమా దుంప అని పిలుస్తుందనీ, నేను కంగారులో గబగబా చెప్పుకుపోయాను. ఎవరికి ఎక్కడినుంచి వస్తే ఆ ఊరి పేరు. మన ఇంట్లో పేర్ల గొడవ ఏపాటిది అని నవ్వించబోయాను. ఆమె నవ్వలేదు.

"చలికి విత్తనం ఎలా నిలబెట్టారు?" అని అడిగింది.

ఇదీ మా అమ్మ. పండితుడూ షోగనూ ఆమెకి అక్కర్లేదు. ఆమె అడిగిందే అసలు చిక్కు. చిలగడదుంప వేడి దేశాల పంట. మన దగ్గర తీగ ముక్క కత్తిరించి ఎక్కడ గుచ్చినా బతుకుతుంది. తీగని అలా ఏడాదంతా నిలుపుకోవచ్చు. ఇక్కడ మంచు పడగానే తీగ నల్లబడి చస్తుంది. దుంపని దాచుకుందామంటే, పది డిగ్రీల కంటే చల్లబడితే కుళ్ళిపోతుంది. అందుకని నేలలో లోతుగా గొయ్యి తవ్వి, దుంపల్ని అందులో దాచి, వసంతంలో వెచ్చటి మడిలో మొలకెత్తించి, ఆ మొలకల్ని కోసి నాటాలి. దక్షిణాన సత్సుమాలో బతికేది ఎదో చలిలో బతుకుతుందా అన్న అనుమానం ఉండబట్టే మూడు చోట్ల వేసి చూశారు. ఈ ఇసుక నేలలో దుంప బాగానే ఊరింది. టోక్యో చుట్టూ ఉన్న కాంతో ప్రాంతమంతా పాకింది. అర్ధశతాబ్దం తర్వాత తెన్మెయ్ కరువు వచ్చినప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఆకలిచావులు లేవని చెప్పుకుంటారు. 1846లో, అతను పోయిన 77 ఏళ్ళకి, ఊరివాళ్ళు ఈ గుడి కట్టారు.

"మన కాటన్ దొర లాగ" అంది అమ్మ.

నేను ఆ మాట కోసం ఎదురుచూడలేదు గానీ, విన్నాక వేరే పోలికే లేదనిపించింది. మా వైపు కాటన్ దొర విగ్రహం లేని ఊరు వెతకాలి. మా తాతయ్య గోదావరిలో మునిగినప్పుడల్లా "స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం" అనేవాడు, అర్థం తెలిసే అనేవాడో లేదో నాకు తెలీదు. 1832లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమలో వచ్చిన కరువుని డొక్కల కరువన్నారు. ఇక్కడి క్యోహో కరువుకి సరిగ్గా వందేళ్ళ తర్వాత. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆకలి చూసినవాళ్ళకి తిండి పెట్టినవాడు ఏ దేశస్థుడో, ఏ వృత్తివాడో పట్టింపు ఉండదు. కాకపోతే కాటన్ దొర వరిని ఇచ్చాడు. గౌరవంగా చెప్పుకునే తిండి. ఈయన ఇచ్చింది దుంప. అమ్మ మనసులో ఆ లెక్క నడుస్తోందని నాకు తెలుసు.

అంతలో ఒక పెద్దావిడ చీపురుతో వచ్చింది. ఎనభై దాటే ఉంటాయి. రాలిన ఆకులు ఊడ్చి, దేవుడికి వంగి దణ్ణం పెట్టి, అమ్మ చీర చూసి నవ్వింది. రోజూ వస్తారా అని అడిగాను. వాకింగ్‌కి వచ్చినప్పుడల్లా అంది. మరి దుంపలు బాగా తింటారేమో అన్నాను, మర్యాద కోసం. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది.

"తినను. యుద్ధమప్పుడు, అయ్యాక కూడా పొద్దునా అదే, రాత్రీ అదే. జీవితానికి సరిపడా తినేశాను."

అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ నిటారుగా కూర్చుంది. "మరి దణ్ణమెందుకు పెడుతున్నావని అడుగు" అంది. నేను కొంచెం మెత్తగా తిప్పి అడిగాను. ఆవిడ నన్ను అమాయకుణ్ణి చూసినట్టు చూసింది. దణ్ణం వేరు, తినడం వేరు అంది.

ఇది చెప్పగానే అమ్మ లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. జపాన్ వాళ్ళు అలా చేతులు పట్టుకోరమ్మా అని చెప్పాలనుకున్నాను, కానీ ఆవిడ విడిపించుకోలేదు. తర్వాత పది నిమిషాలు అమ్మ తెలుగులోనూ ఆవిడ జపనీస్‌లోనూ మాట్లాడుకున్నారు. నన్ను అనువాదానికి పిలవలేదు. వచ్చేముందు అమ్మ బ్యాగులోంచి కొబ్బరికాయ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఏం చేయాలో తెలియక నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. సుత్తితో పగలగొట్టమని సైగ చేసి చూపించాను. పగలగొట్టిందో, అల్మరాలో అలంకరించిందో.

దగ్గర్లోనే ఆ రోజుల్లో దుంపలు వేసిన చోటుని తెలిపే రాయి ఉంది. అమ్మ వంగి అక్కడి మట్టి చిటికెడు తీసి వేళ్ళతో నలిపి చూసింది. తీర్పేమీ చెప్పలేదు.

ఇంటి దగ్గర సూపర్‌మార్కెట్‌లో చలికాలం వస్తే గుమ్మంలోనే దుంపలు కాల్చే యంత్రం పెడతారు. ఆ వాసన రోడ్డు మీదకి వస్తుంది. ఒకటి దాదాపు మూడొందల యెన్‌లు. జనం వరసలో నిలబడి కొనుక్కుంటున్నారు, ఆఫీసు బట్టల్లో ఉన్నవాళ్ళు, పిల్లలు. వెనకటికి దుకాణాల వాళ్ళు పదమూడు రి అని బోర్డు పెట్టేవారట. రి అంటే దూరం కొలత. తొమ్మిది రి ని కురి అనాలి, కురి అంటే చెస్ట్‌నట్ కూడా. నాలుగు రి ని యొరి అనాలి, యొరి అంటే కంటే. రెండూ కలిపితే చెస్ట్‌నట్ కంటే రుచి, తొమ్మిదీ నాలుగూ కలిస్తే పదమూడు. పైగా మంచి దుంపలు పండే కవగోయె ఎదోకి పదమూడు రి దూరం. ఇలాంటి చమత్కారం మనవాళ్ళకి దొరికితే శతకం రాసి పడేసేవారు. ఇంత తీపి ఎందుకంటే, వేడి నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి. అరవై, డెబ్బై డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంటే దుంపలోని పిండి చక్కెరగా మారుతుంది. మనం కుక్కర్‌లో మూడు విజిళ్ళకి దించేస్తాం, ఆ మార్పుకి టైమే ఇవ్వం.

నేనొకటి కొన్నాను. అమ్మకి ఇవ్వలేదు, అడగనూ లేదు. నడుస్తూ సగం విరిచి తింటుంటే, వాసనకో ఏమో, చెయ్యి చాపింది. గోరంత తీసుకుంది. "బెల్లం కలిపారా?" అంది. లేదన్నాను. నమ్మలేదు. అంతే, ఇంకో ముక్క అడగలేదు.

ఆ రోజే మా ఆవిడ పచ్చి దుంపలు కూడా కొని ఫ్రిజ్‌లో పెట్టబోతే, "కుళ్ళిపోతాయమ్మాయ్, నీ మొగుడే చెప్పాడు" అని అమ్మ వాటిని న్యూస్‌పేపర్‌లో చుట్టి బియ్యం డబ్బా పక్కన పెట్టింది. జనవరిలో ఊరెళ్ళిపోయింది.

శివరాత్రి సాయంత్రం అవే దుంపలు ఉడకబెట్టి నైవేద్యం పెట్టి వీడియో కాల్ చేశాం. కుళ్ళలేదు, ఒకదానికి ఎర్రటి చిన్న మొలక కూడా వచ్చింది. అమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, ఒక్కోటి ఎంతని అడిగింది. రెండొందల యెన్‌లంటే, రూపాయల్లోకి మార్చి చెప్పమని, విని, "ఆ డబ్బుకి ఇక్కడ బుట్టెడొస్తాయి" అని కాసేపు తిట్టింది. మొలకొచ్చిన దాన్ని మాత్రం కోయొద్దంది. ఫోన్ పెట్టేయబోతూ, "ఒరేయ్, ఈసారి అటు వెళ్ళినప్పుడు ఆ చీపురావిడ కనిపిస్తే, కొబ్బరికాయ ఏం చేసిందో కనుక్కో" అంది.